సామేలు నోట్లో నా గొంతు

సినిమా పనిలోకి వస్తున్న పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఒక్కటే. ఆ ఏసు సినిమాలో గుంపు సీను ఎలా తీశారండీ అని. అడిగిన ప్రతిసారీ పావుగంట తక్కువ కాకుండా చెప్పేవాణ్ణి. సముద్రం ఒడ్డున రెండు వందల మందిని ఎలా నిలబెట్టామో, వాళ్ల చేత ఎలా అరిపించామో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ చప్పట్లు గుర్తొస్తే సిగ్గుతో తల వాలిపోతుంది. చెప్పినదాంట్లో అబద్ధం లేదు గానీ చెప్పకుండా మింగేసింది చాలా ఉంది. అది రాస్తున్నాను. ఈ పనిలోకి రాబోయేవాళ్లు చదవాలనే రాస్తున్నాను.

ప్రొడక్షన్ మేనేజరంటే

నేను ముప్పై ఎనిమిదేళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేశాను. తెర మీద మా పేరు పడే వేళకి జనం చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. అందుకే మా పనేమిటో ఎవరికీ తెలీదు. తెల్లారి టిఫిన్ల దగ్గర మొదలై, లారీలు, టెంట్లు, గుర్రాలు, పోలీసు పర్మిషన్లు, ఎవరికో జ్వరం వస్తే మందుబిళ్లలు, అన్నీ మావే. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. డైరెక్టరు చెవిన "లేదు" అన్న మాట పడకూడదు, అది పడిన రోజు నీకు ఉద్యోగం లేదు అని. ఆ మాట నాకు ముప్పై ఎనిమిదేళ్లు అన్నం పెట్టింది. చెడగొట్టింది కూడా ఆ మాటే.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. చదువు అబ్బక మద్రాసు పారిపోయి, ఆఫీసు కుర్రాడిగా చేరి, ముప్పై ఏళ్లకి మేనేజర్నయ్యాను. అప్పుడొచ్చింది ఏసు సినిమా. గలిలయ సముద్రానికి మంచి తీరం కావాలని డైరెక్టరు గారు తిరుగుతుంటే, మా భావనపాడు ఉంది చూడండి అన్నాను. చూశారు, ఒప్పుకున్నారు. సొంత జిల్లాలో షూటింగు పెట్టించానని నేను నేల మీద నడవలేదు.

గాడిద, సిలువ

ఆ డైరెక్టరు గారు గొప్ప పనిమంతుడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. కోపం వస్తే కుర్చీని సెట్టుకి వెనక్కి తిప్పుకుని సముద్రం చూస్తూ కూర్చునేవారు. కావలసింది సిద్ధమయ్యేదాకా కుర్చీ తిరిగేది కాదు. తిట్టే డైరెక్టర్లతో బతకొచ్చు గానీ ఆ వీపుతో బతకడం కష్టం. ఆ కుర్చీని మళ్లీ ఇటు తిప్పడానికి నేనెంత పనైనా చేసేవాణ్ణి.

ఏసు గాడిదనెక్కి నగరంలోకి వచ్చే సీనుకి నరసన్నపేట చాకలాయన గాడిదని తెచ్చాం. అది అడుగు తీసి అడుగు వెయ్యదు. అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు గదా, నేనూ పట్టుకున్నాను, తన్నింది. చివరికి తెలిసిందేమిటంటే, యజమాని ముందు నడిస్తేనే అది నడుస్తుంది. ఆయనకి పొడుగు అంగీ తొడిగి, గడ్డం అతికించి శిష్యుల్లో కలిపేశాం. ఇప్పటికీ ఆ షాట్‌లో లెక్కపెట్టి చూడండి, శిష్యులు పన్నెండుకి బదులు పదమూడు మంది ఉంటారు. 

సిలువ చెయ్యడానికి శ్రీకూర్మం నుంచి వడ్రంగిని పిలిపించాను. బూరుగు కర్రతో తేలిగ్గా చెయ్యమంటే ఆయన వినలేదు. దేవుడి పనికి పుల్లలాంటి కర్ర పెట్టలేనని మంచి టేకు దూలంతో చేసుకొచ్చాడు. వేషగాడు దాన్ని భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి నిజంగానే కూలబడ్డాడు. డైరెక్టరు గారు ఆ పడిపోవడాన్నే సినిమాలో ఉంచుకున్నారు. ఇలాంటివి చెప్పి జనాన్ని నవ్వించేవాణ్ణి. ఇవి చెబుతున్నంతసేపూ అసలు సంగతి దగ్గరికి పోనక్కర్లేదు.

నోరు విప్పని గుంపు

ఏసుకి తీర్పు చెప్పే రోమా అధిపతి మెట్ల మీద నిలబడి ఈయన్ని ఏం చెయ్యమంటారని జనాన్ని అడుగుతాడు. సిలువ వేయండి అని జనం అరవాలి. సినిమా మొత్తానికి గుండెకాయలాంటి సీను. దీనికి మద్రాసు నుంచి జూనియర్ ఆర్టిస్టుల్ని తేవడం దండగనిపించింది. మా ఊరి పక్క ఊళ్లోనే మిషన్ వారి చర్చి ఉంది. ఏసు సినిమా అంటే వాళ్లు కాదంటారా? అనలేదు. రెండు ట్రాక్టర్ల మీద పిల్లాపాపలతో పాటలు పాడుకుంటూ దిగారు.

వాళ్లని నడిపించుకొచ్చింది సంఘపెద్ద సామేలు. నరసన్నపేట రైసుమిల్లులో కళాసీ. మా నాన్న పండించిన ధాన్యం బస్తాలు మిల్లులో దింపేది ఆయనే. ఏభై అయిదేళ్లుంటాయి, తెల్ల మీసం, మెడ మీద బస్తాలు మోసి మోసి కట్టిన కాయ. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదని చెప్పుకునేవారు.

పొద్దున్నే అందరికీ అంగీలు తొడిగాం, తలపాగాలు చుట్టాం. ఏసు వేషగాడు వాళ్లతో కలిసే ఇడ్లీలు తిన్నాడు. అంతా సరదాగా ఉంది. కెమెరా తిరిగింది. ముళ్ల కిరీటం పెట్టుకుని, ఒంటి నిండా రంగు నెత్తురుతో వేషగాడు మెట్ల మీదికొచ్చాడు. అధిపతి అడగాల్సింది అడిగాడు. గుంపులో చప్పుడు లేదు. వెనకెక్కడో ఒకామె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరు ముసలాళ్లు మోకాళ్ల మీద కూర్చున్నారు.

మూడుసార్లు తీశాం. అసిస్టెంటు డైరెక్టరు మైకు గొట్టం పట్టుకుని గొంతు చించుకున్నాడు. మూడుసార్లూ అంతే. ఏటైందని సామేలుని పక్కకి పిలిచి అడిగాను.

"ఆయన యాక్టరేనని మాకు తెల్సు బాబూ. పొద్దున మాతోటే ఇడ్లీలు తిన్నాడు. గానీ ఆ మాటకి నోరు రావటం నేదు" అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే డైరెక్టరు గారి కుర్చీ సముద్రం వైపుంది. ఆకాశంలో మబ్బు. తుఫాను హెచ్చరిక ఉంది, గాలొస్తే ప్లైవుడ్ మెట్లు ఎగిరిపోతాయి. నరసన్నపేట బజారు నుంచి వేరే జనాన్ని తేవచ్చు. ఒక్క రోజు పడుతుంది. ఇప్పుడాలోచిస్తే ఆ ఒక్క రోజు అడిగి ఉండాల్సింది, అంతే. ఇవాళ లేదండీ అని ఆ వీపుకి చెప్పి ఉండాల్సింది. దానికి నాకు ధైర్యం చాల్లేదు.

మావా అన్న మాట

మా ఊళ్లో ఆయన్ని చిన్నా పెద్దా అందరూ ఒరే సామేలూ అనే పిలిచేవారు. మా నాన్న అలాగే పిలిచాడు. ఊహ తెలిసినప్పట్నుంచీ నేనూ అలాగే పిలిచాను. ఆ రోజు ఆయన భుజం మీద చెయ్యి వేసి మొదటిసారి "సామేలు మావా" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. సంతోషించాడో, అనుమానించాడో తెలీదు. చేసినవాటిలో నేను ఎక్కువగా సిగ్గుపడేది ఇక్కడే. అబద్ధమాడటం పనిలో భాగమని అప్పటికే సర్దుకున్నాను. ఒక మనిషికి ఎన్నాళ్లుగానో ఇవ్వాల్సిన మర్యాదని దాచిపెట్టి, అవసరం పడిన రోజు ఎరలా తీసి విసిరాను.

ఇప్పుడు మాటలు రికార్డు చెయ్యడం లేదు మావా, బొమ్మ ఒక్కటే, నోరు కదిలితే చాలు, మీరేమన్నా ఫరవాలేదు అన్నాను. అది నిజమే. సముద్రం హోరులో ఆ రోజుల్లో మాటలు పట్టేవాళ్లం కాదు. సామేలు తనవాళ్లని సరుగుడు చెట్ల కిందికి తీసుకెళ్లాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు, ప్రార్థన చేసుకున్నారు. తిరిగొచ్చి చెప్పాడు.

"ఏదన్నా ఒకటేనంతన్నారు కాబట్టి మా మాట మాం అంతాం. ఒగ్గేయండి, ఆయన్ని ఒగ్గేయండని అంతాం."

వదిలేయమనడానికి మా వైపు ఒగ్గేయమంటాం. దివ్యంగా అనండి అన్నాను. ఆయన కదల్లేదు.

"సినిమా అయినాక మా నోట్లో ఇంకో మాట ఎట్టరు కదా?"

పెడతారని నాకు తెలుసు. మద్రాసులో డబ్బింగు థియేటర్లో ఏం జరుగుతుందో తెలియకుండా ఈ పనిలో ఎవరూ ఉండరు.

"ఎట్టరు మావా. డప్పులేస్తారు, వాయిద్యాలేస్తారు. మాటే ఇనపడదు. నాది పూచీ" అన్నాను.

నాలుగో టేకుకి వాళ్లు అరిచారు. నేనెన్నో గుంపుల్ని చూశాను. అలా అరిచిన గుంపుని అంతకు ముందూ తర్వాతా చూడలేదు. మెడనరాలు పొంగి, చేతులు చాచి, కన్నీళ్లు కారుతుండగా, నిజంగా ఒక మనిషి ప్రాణం కోసం కొట్లాడుతున్నట్టు మెట్ల మీదికి తోసుకొచ్చారు. డైరెక్టరు గారి కుర్చీ ఇటు తిరిగింది. ఆయన లేచి నిలబడ్డారు. నేను పరుగెత్తి కెమెరామేన్ దగ్గరికి వెళ్లి, ఆ తెల్ల మీసం ముసలాయన మీదికి రండి అని చూపించాను. సామేలు మొహం క్లోజప్‌లో పడింది నా వల్లనే.

షాట్ అయ్యాక బొంగురుపోయిన గొంతుతో మంచినీళ్లడిగాడు. తాగి, మూతి తుడుచుకుని నవ్వాడు. "అయిపోనాదా బాబూ? ఆయన్ని ఒగ్గీసినారా?" అని అడిగాడు. అయిపోయింది మావా అన్నాను.

మద్రాసులో మూడు టేకులు

డబ్బింగు థియేటర్లో సినిమా చిన్న చిన్న ముక్కలుగా తిరుగుతుంది. ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటే, దాని ముందు నిలబడి పెదవులు చూస్తూ మాట కలపాలి. గుంపుకి గొంతులు వెయ్యడానికి పదిమందిని పిలిచాం. వాళ్లు "సిలువ వేయండి" అని అరిచి గుంపు అరుపు పూర్తిచేశారు. మిగిలింది సామేలు క్లోజప్. ఎవరు చెప్పినా ఆ మొహానికి కుదరలేదు.

ఆ విరామంలో నేను సరుగుడు చెట్ల కింద జరిగిందంతా ఒక వేడుక కథలా చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరు గారు నవ్వలేదు. ఆ ముసలాయన మీవైపు మనిషే కదా, నువ్వే చెప్పు అన్నారు. ఆయన దాన్ని శిక్షగా అన్నారో, మామూలుగానే అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేను.

మైకు ముందుకెళ్లాను. తెర మీద సామేలు. శబ్దం లేదు. ఆ నోరు ఒగ్గేయండి, ఒగ్గేయండి అంటోంది. పక్కవాళ్లకి తెలియదేమో గానీ నాకు ఒక్కొక్క అక్షరం కనిపిస్తోంది. ముక్క అయిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అదే మాట. ఆ గదిలో ఆయన పదిసార్లు నన్నే బతిమాలినట్టుంది. అప్పుడైనా ఇయర్‌ఫోన్లు తీసేసి, నావల్ల కాదండీ, మాటిచ్చాను అనుండొచ్చు. అనలేదు. మొదటి టేకు ముందుకి పోయింది, రెండోది వెనకబడింది. మూడోసారి అరిచాను.

"పెదవులు కలిశాయి" అన్నాడు సౌండ్ ఇంజనీరు. నాకు సంతోషమేసింది. దాచను, నిజంగా సంతోషమేసింది.

మ్యాట్నీ

సినిమా విరగాడింది. ఊళ్లకి ఊళ్లు ఎడ్లబళ్లు కట్టుకుని వచ్చాయి. ఏసుని కొలిచేవాళ్లూ వచ్చారు, కొలవనివాళ్లూ వచ్చారు. పట్టుమని పదిరోజులు ఆడితే చాలనుకున్న థియేటర్లలో తీసెయ్యడానికి మనసొప్పక ఆడించారు. ఆ తర్వాత ఏటా గుడ్ ఫ్రైడేకి మళ్లీ మళ్లీ వేశారు. పత్రికలవాళ్లు ముఖ్యంగా గుంపు సీనునీ, అందులో తెల్ల మీసాల ముసలివాడి క్రూరమైన మొహాన్నీ మెచ్చుకున్నారు. ఆ గుంపుని నడిపిన మేనేజరెవరంటూ నాకు పని మీద పని వచ్చింది. ఇల్లు కట్టుకున్నది ఆ పనితోనే.

నరసన్నపేటలో మొదటి రోజు మ్యాట్నీకి నన్ను పిలిచి దండ వేశారు. కింద నేల టిక్కెట్లలో చర్చివాళ్లంతా ఉన్నారు. సామేలు తెల్ల చొక్కా తొడుక్కుని, మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అప్పుడే నేను లేచి వెళ్లిపోవాల్సింది. కూర్చున్నాను.

సీను వచ్చింది. తెర నిండా సామేలు మొహం. ఆ నోట్లోంచి నా గొంతు సిలువ వేయండి అంది. హాలు హాలంతా ఛీ అని అరిచింది. ఎవరో ఆ మొహం మీదికి చెప్పు విసిరారు. సామేలు మనవరాల్ని దించి లేచి నిలబడ్డాడు. ఆయన నీడ తెర మీద పడింది.

"నాను అన్నది అది కాదు. ఒగ్గేయండన్నాను. ఒగ్గేయండనే అన్నాను నాను" అన్నాడు. 

భక్తి ముదిరిందనుకుని జనం నవ్వారు. కూర్చో ముసలోడా అన్నారు. ఆయన వెనక్కి తిరిగి హాలంతా కలియజూశాడు. బాల్కనీలో దండతో ఉన్న నన్ను చూశాడనే అనుకుంటున్నాను. నేను దండ తీసి కుర్చీ మీద పడేసి, బయట సోడా బండి దగ్గర నిలబడ్డాను. ఆట వదిలేలోపు బస్సెక్కేశాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారంటారే, నేనూ అంతే.

తర్వాత సంగతులు మా ఊరివాళ్ల నోట విన్నాను. బజార్లో పిల్లలు సామేలుని చూసి సిలువ వేయండి అని అరిచేవారట. ఆయన సంఘపెద్ద బల్ల మీద కూర్చోవడం మానేశాడు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఏసు జ్ఞాపకంగా పంచే రొట్టె పళ్లెం ముందుకొస్తే ముట్టకుండా పక్కవారికి అందించేవాడట. నీ తప్పేం లేదని పాస్టరు గారు ఎంత చెప్పినా వినలేదట. తప్పు నాదని చెప్పడానికి నేను వెళ్లాలి. మద్రాసు నుంచి ఏటా వచ్చేవాణ్ణి, నరసన్నపేట మీదుగానే పోయేవాణ్ణి, ఆ ఊరి మలుపు దగ్గర బస్సు దిగలేదు. పనుందనుకునేవాణ్ణి. ఆయన పోయి పదేళ్లు దాటిందని కూడా ఆలస్యంగానే తెలిసింది.

పిల్లలూ, మన పనిలో గుంపు అనే మాట రోజుకి వందసార్లు అంటాం. నేనూ అన్నాను. అందులో ప్రతి మొహానికీ ఒక ఊరుంటుంది, సినిమా వెళ్లిపోయాక ఆ మనిషి ఆ ఊళ్లోనే బతకాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆ వయసులో వినేవాణ్ణి కాదేమో.

మళ్లీ మూడు టేకులు

ఇప్పుడు నాకు డెబ్భై నాలుగేళ్లు. విజయనగరంలో ఉంటున్నాను. ఆ చర్చి ఊళ్లో టీచరుగా చేసే మా మేనకోడలు ఒకరోజు ఫోనులో చెప్పింది, మావయ్యా, నీ సినిమా ఇక్కడ గుడ్ ఫ్రైడేకి వేస్తారు, గుంపు సీను రాగానే జనం లేచి సినిమాకి అడ్డంగా అరుస్తారు, ఎప్పుడైనా విన్నావా అని. విన్లేదు. మొన్న గుడ్ ఫ్రైడేకి బస్సెక్కి వెళ్లాను. ఈసారి మలుపు దగ్గర దిగాను.

మధ్యాహ్నం ఆరాధన ముగిశాక కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద సినిమా వేశారు. ప్రొజెక్టరు నడుపుతున్న ఆమె పేరు సువార్త, ఊళ్లో నర్సు. సామేలు మనవరాలు. ఆనాడు హాల్లో ఆయన ఒళ్లో కూర్చున్న పిల్లే. వెనక బెంచీ మీద నాకు చోటు చూపించింది.

సీను వచ్చింది. గోడ మీద సామేలు మొహం పడగానే హాలంతా లేచి నిలబడింది. ముసలాళ్లు, చంటిపిల్లల తల్లులు, సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకున్న కుర్రాళ్లు, అందరూ ఒక్క గొంతుతో ఒగ్గేయండి, ఒగ్గేయండి అని అరిచారు. నా గొంతు అందులో మునిగిపోయింది. అందరూ నిలబడ్డారు గనక నేనూ నిలబడ్డాను. నోరు మాత్రం తెరవలేకపోయాను.

అందరూ వెళ్లాక సువార్త దుప్పట్లు మడత పెడుతూ, మీరు అరవనేదేటి తాతా అని అడిగింది. ఇదెప్పట్నుంచి అని నేనడిగాను. మొదట్లో తాతొక్కడే గోడ పక్కన నిలబడి అరిచేవాడని, కొన్నాళ్లకి నాయనమ్మ కలిసిందని, తర్వాత ఒక్కో బెంచీ లేచిందని చెప్పింది. అందరూ లేచిన ఏడు ఆయన మళ్లీ రొట్టె ముట్టుకున్నాడట.

"అది మా తాత మాటండి. సినిమాలో ఎవలో తప్పుడు మాట ఎట్టీసినారు. మాం సరి సేసుకుంతాం, అంతే."

"ఎట్టింది నానేనమ్మా. ఎట్టనని మాటిచ్చి ఎట్టినాను. ఆ గొంతు నాదే" అన్నాను. ఏళ్ల తర్వాత నా నోట మా ఊరి మాట వచ్చింది.

ఆమె చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ గొంతెవలదో తాత మొదటి రోజే పోల్చీసినాడండి. ఎవలది తాతా, పేరు సెప్పు అని మాం ఎన్నోసార్లు అడిగినాం. సెప్పీవోడు కాదు. ఒగ్గేయండర్రా అనీవోడు" అంది.

నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. అది ఆమె బాధ్యత కాదు. కాసేపటికి, ఆ సీను ఒక్కసారి వెయ్యగలవా అమ్మా, శబ్దం తీసేసి, అని అడిగాను. ఒక కిటికీకి దుప్పటి మళ్లీ కట్టి వేసింది.

గోడ మీద సామేలు. శబ్దం లేదు. అప్పటిలాగే ఆ నోరు అదే మాట అంటోంది. లేచి నిలబడి అరిచాను. గొంతు పగిలింది, మాట ముందుకి పోయింది. సువార్త వెనక్కి తిప్పింది.

"కలవనేదు. మల్లీ అనండి తాతా" అంది.

రెండోసారి వెనకబడ్డాను. ఆమె మళ్లీ తిప్పింది. ఈసారి నేను ఆయన కళ్లలోకి చూడకుండా పెదవులే చూశాను.

"ఒగ్గేయండి" అన్నాను.

పెదవులు కలిశాయి.